రవికగుడ్డ తక్కువైన గురువారం

తుఫానుకు ఆగిపోయిన బస్సులను చూశాను. ఘాట్ రోడ్డులో చిరుత కనిపించిందని ఆగిపోయిన జనాన్నీ చూశాను. కానీ ముప్పావు మీటరు రవికగుడ్డకు ఒక ఆసుపత్రి వ్యాను శాశ్వతంగా ఆగిపోవడం మాత్రం ఈ లోకంలో ఒక్కసారే జరిగి ఉంటుంది. అది నా చేతి చలవే. ఆ భాగోతమే ఇప్పుడు చెప్పబోతున్నాను. సగం దాకా మీరు హాయిగా నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఆ తర్వాత కూడా నవ్వే మనిషి ఒకామె వస్తుంది. ఆమెతో కలిసి నవ్వాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి, నాకు ఇప్పటికీ తేలలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. తిరుపతిలో సోషల్ వర్క్ చదివి, విదేశీ నిధులతో నడిచే ఒక చిన్న సంస్థలో కోఆర్డినేటర్‌గా చేరాను. కోఆర్డినేటర్ అంటే ఏమిటని మా నాయన అడిగాడు. అందరినీ ఒకచోట కలిపే పని అని చెప్పాను. "అంటే పెండ్లిళ్ళ పేరయ్య పనా పాపా" అన్నాడు. ఒక విధంగా ఆయన చెప్పింది తలకిందుల నిజం. పెళ్ళయిన తర్వాత వచ్చే చిక్కులన్నీ మా దగ్గరికే వచ్చేవి.

మాకొక తెల్ల వ్యాను ఉండేది. ప్రతి గురువారం అది పూతలపట్టు క్రాసు దాటి లోపలి ఊళ్ళకు వెళ్ళేది. ఒక పాత బెల్లం గానుగ షెడ్డు పక్కన ఆగేది. కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలనుకునే ఆడవాళ్ళకు మాత్రలు, లూపు, మూడు నెలలకొకసారి వేసే సూది, అన్నిటికంటే ముఖ్యంగా చెవిన పడ్డ మాటను బయట పెట్టని ఒక నర్సు, ఇవన్నీ ఆ వ్యానులో దొరికేవి. ఆ నర్సు పేరు కాంతమ్మ సిస్టర్. యాభై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే గురువారం మమ్మల్ని తిట్టేది.

నాకు ఆ సంస్థలో ఉన్న ఒకే ఒక గొప్ప ఇంగ్లీషు. మా డైరెక్టర్ భాస్కర్ సార్‌కు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడాలంటే దగ్గు వచ్చేది. అందుకే విదేశాల నుంచి ఏ ఉత్తరం వచ్చినా, ఎవరు దిగినా ముందు నన్నే తోసేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఇంగ్లీషులో ఎంత మంచిదంటే, దానివల్ల మా వ్యాను తిరిగే పన్నెండు ఊళ్ళు చెడ్డాయి.

ఒక రోజు భాస్కర్ సార్ నన్ను పిలిచి ఉత్తరం చూపించారు. డబ్బిచ్చే సంస్థ నుంచి ఎల్సా అనే ఆమె వస్తోంది. మంచు దేశం ఆమెది. ఆమె చూసి బాగుందని రాస్తే ఇంకో రెండేళ్ళకు సంతకం పడుతుంది.

"పడకుంటే?" అన్నాను.

"వ్యాను షెడ్డులో పడతాది. మనం రోడ్డు మీద పడతాం" అన్నారు సార్. "నువ్వేం భయపడబాకమ్మా. అడిగిన దానికి జవాబు చెప్పు. అడగని దానికి చెప్పబాక. అదొక్కటి చేస్తే సాలు."

ప్రపంచంలో నాకు చేతకాని పని అదొక్కటే.

ఉత్తరంలో ఒక వాక్యం నన్ను పట్టుకుంది. మా క్లినిక్కుకు వచ్చే స్త్రీలను ఎంత గౌరవంగా, మర్యాదగా చూసుకుంటున్నారో ప్రత్యేకంగా చూడాలనుకుంటున్నామని రాశారు. వాళ్ళ ఉద్దేశం వేరు. తెర ఉందా, గట్టిగా అరవకుండా మాట్లాడుతున్నారా, అన్ని పద్ధతులూ వివరించి ఆమె ఇష్టాన్నే అడుగుతున్నారా అని. నాకు మాత్రం మర్యాద అనగానే మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో గడప దాటే ముత్తైదువకు పసుపు, కుంకుమ, ఆకూవక్క, ఒక పండు, రవికగుడ్డ చేతిలో పెట్టకుండా పంపితే ఆ రోజు అమ్మకు అన్నం సహించేది కాదు. 'మజ్జిగ ఇయ్యకపోయినా పర్వాలేదు, ఉత్త చేతులతో పంపకూడదు' అనేది. గౌరవమంటే ఇంతకంటే ఏముంది? మంచు దేశంలో పాపం రవికలే ఉండవు కదా, ఆ దొరసానికి మన మర్యాద ఏమిటో చూపిద్దామనుకున్నాను.

మరునాడే చిత్తూరు బజారుకు వెళ్ళి నలభై రవికగుడ్డలు తెచ్చాను. సార్‌కు చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామని. ఆశ్చర్యపరిచాను కూడా.

కాంతమ్మ సిస్టర్‌కు మాత్రం వ్యానులో మూట కనిపించింది.

"ఏంది పాపా ఇది?"

"రవికగుడ్డలు సిస్టర్. అందరికీ తాంబూలం ఇస్తాం."

ఆమె నా ముఖం చూసి, వ్యాను తలుపు లోపలివైపు అంటించిన కాగితం చూపించింది. "అది ఎవురు రాసిండేది?"

నేనే రాశాను. దాతల నియమాలను తెలుగులోకి మార్చి, చక్కటి అక్షరాలతో అంటించిన ఘనత నాదే. 'ఏ పద్ధతి ఎంచుకున్నందుకూ ఎవరికీ డబ్బు గానీ, వస్తువు గానీ ఇవ్వరాదు, ఇస్తామని ఆశ చూపరాదు' అని ఉంది అందులో.

"అది లంచం గురించి సిస్టర్. ఇది తాంబూలం."

"నీకు తాంబూలం. ఆయమ్మకు?"

"నేను వివరిస్తాను కదా."

"నువ్వు వివరిస్తావనే నా భయం" అంది సిస్టర్. మూట తడిమి చూసి, "నాకు పసుపు కుంకుమ వద్దులే గానీ ఆ నీలం గుడ్డ ఒగటి పక్కన పెట్టు" అంది. ఆ మాట విని ఆమె ఒప్పుకుందనుకున్నాను. నలభైలో ఒకటి అక్కడే తగ్గింది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక్కడ రమణమ్మ గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ముగ్గురు పిల్లలు. మూడో కాన్పులో రక్తం ఆగక చావు దాకా వెళ్ళి వచ్చింది. నాలుగోది వస్తే తల్లి దక్కదని డాక్టరమ్మ చెప్పి పంపింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు రెండుసార్లు వెళితే రెండుసార్లూ ఒంట్లో రక్తం తక్కువని వెనక్కి పంపారు. ఇంక మిగిలింది మా సూది. ఊళ్ళో ఆశా కార్యకర్త ఆమె సొంత ఆడబిడ్డ. ఆమెకు చెబితే అత్తకు చెప్పినట్టే. అత్తకేమో ఇద్దరు మనవరాళ్ళకు తోడు ఒక్క మనవడు చాలలేదు. అందుకని రమణమ్మ మూడు నెలలకొక గురువారం పొద్దున పాల క్యాను తీసుకుని పాలకేంద్రానికని బయలుదేరేది. పాలు పోసి, దారిలో మా వ్యాను ఎక్కి, సూది వేయించుకుని, ఖాళీ క్యానుతో ఇంటికి పోయేది. రెండేళ్ళుగా ఒక్క గడువు తప్పలేదు. "మీ వ్యానుండబట్టి నేనుండాను పాపా" అని నాతో ఒకసారి అంది. అప్పుడది నాకు పొగడ్తలా వినిపించింది.

ఎల్సా వచ్చిన రోజు ఆకాశం తేటగా ఉంది. పొడుగ్గా, సన్నగా, ఎండకు ముక్కు ఎర్రబడిన మనిషి. మెల్లగా మాట్లాడుతుంది, చెప్పింది విని రాసుకుంటుంది. షెడ్డులో చాప మీద కూర్చుంది. నలభై మూడు మంది ఆడవాళ్ళు వచ్చారు. దొరసానిని చూడడానికే కొందరు వచ్చారని నా అనుమానం. మధ్యాహ్నం దాకా అన్నీ సవ్యంగా జరిగాయి. సిస్టర్ ఒక్కొక్కరినీ తెర వెనక కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పడం చూసి ఎల్సా రెండుసార్లు తల ఊపింది. ఆ తల ఊపులతోనే సంతకం పడిపోయేది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నేను మూట విప్పాను.

ఎంత ముద్దుగా జరిగిందనుకున్నారు. వరుసగా కూర్చున్న ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, ఆకూవక్క, అరటిపండు, రవికగుడ్డ చేతిలో పెడుతూ పోయాను. దొరసాని చూస్తోందని మెల్లగా, పెళ్ళి వీడియోకు ఇచ్చినట్టు ఇస్తున్నాను. అందరి ముఖాలూ వెలిగాయి. ఎల్సా ముఖం మాత్రం ఒక్కొక్క గుడ్డకూ కొంచెం కొంచెంగా తెల్లబోతోంది. ఎండ దెబ్బ అనుకున్నాను.

ఎల్సా రమణమ్మ పక్కకు వచ్చి కూర్చుని, అది ఎందుకిచ్చారో ఆమెను అడగమంది. నేను అడిగాను.

రమణమ్మకు నేను ముందే చెప్పి ఉంచాను, దొరసాని ఏం అడిగినా మన వ్యాను గురించి మంచిగా చెప్పమని. ఆ మాట నిలబెట్టుకోవాలని పాపం రమణమ్మ బాగా ఆలోచించి, "సూది ఏపిచ్చుకున్నా గదా, అందుకిచ్చినారు. శానా మంచోళ్ళు" అంది.

దుబాసీ అన్నాక కొంచెం బుద్ధి ఉండాలి. నాకు బుద్ధి లేదు, వ్యాకరణం ఉంది. ఒక్క ముక్క పొల్లుపోకుండా, కర్త కర్మ క్రియ సరిగ్గా అమర్చి ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఎల్సా రాసుకుంది. ఆమె ముఖం చూసి, కానుక మరీ చిన్నదని అనుకుంటోందేమో అనిపించింది నాకు. వెంటనే, "ఇదేముంది మేడమ్, నిధులు పెరిగితే వచ్చే ఏడు చీరలు పెడతాం" అన్నాను.

ఆమె అదీ రాసుకుంది.

అంతలో అసలు గండం వచ్చింది. వరుస చివర నలుగురు మిగిలారు. నా చేతిలో మూట అయిపోయింది. నలభైలో ఒకటి సిస్టర్‌కు పోయింది కదా. ముప్పై తొమ్మిది గుడ్డలు, నలభై మూడు మంది. నలుగురిలో మొదట కూర్చున్నది చాంద్‌బీ. పూతలపట్టులో ఆమె భర్తది టైలరు అంగడి. ఆ రోజు ఆమె లూపు గురించి అడిగి, ఆలోచించుకుని మళ్ళీ వస్తానని చెప్పింది, అంతే.

ఇక్కడ మీకు మా వైపు సంగతి ఒకటి తెలియాలి. పిలిచిన చోట తాంబూలం తక్కువ పడడమంటే మామూలు అవమానం కాదు. మా వీధిలో ఒక సీమంతంలో చివరి ఇద్దరికి కొబ్బరికాయ చాలలేదు. ఆ సీమంతంలో కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఇప్పటికీ ఆ ఇంటిని కొబ్బరికాయ చాలని ఇల్లు అనే అంటారు. ఆ వీధిలో పుట్టి పెరిగినదాన్ని నేను. ఖాళీ మూటను ఇంకోసారి దులిపి చూశాను.

చాంద్‌బీ నా అవస్థ కనిపెట్టి, "నాకేం వద్దులే పాపా, ఇంట్లో గుడ్డలే గదా మా పని" అంది మంచితనంగా.

ఎల్సా నన్ను అడిగింది. ఈమెకు ఎందుకు ఇవ్వలేదు?

శ్రీహరికోటలో రాకెట్టు కదలబోయే చివరి క్షణంలో కూడా ఆపే ఏర్పాటు ఉంటుందంటారు. నా నోటికి దేవుడు అటువంటిదేమీ పెట్టలేదు. గుడ్డలు చాలలేదు అని చెబితే ఏం పోయేది? నవ్వి ఊరుకునేది. కానీ తక్కువ పడ్డాయని ఒక పరాయి దేశపు మనిషి ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. అందుకని ఆ క్షణాన అందంగా తోచిన అబద్ధం చెప్పాను.

"ఆమె సూది వేయించుకోలేదు మేడమ్. అందుకే ఇవ్వలేదు."

షెడ్డులో ఎవరికీ ఇంగ్లీషు రాదు కాబట్టి అందరూ నా వైపు చూసి నవ్వుతూనే ఉన్నారు. కాంతమ్మ సిస్టర్‌కు మాత్రం ఆ నాలుగు ముక్కలు అర్థమయ్యాయి. చేతిలోని ట్రేను బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసిందో, నన్ను చంపే ఉపాయం ఆలోచించిందో తెలియదు.

ఎల్సా పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. తర్వాత మెల్లగా ఇంకొక్కటి అడిగింది. ఇక్కడ ఎవరైనా ఇష్టం లేదని చెప్పి వెళ్ళిపోయిన సందర్భాలు ఉన్నాయా?

మా సంస్థ ప్రతిష్ఠ నా భుజాల మీద ఉందనుకున్నాను. "లేదు మేడమ్. మా దగ్గరికి వచ్చాక ఎవరూ కాదనరు" అన్నాను గర్వంగా.

కొరివితో తల గోక్కునేవాళ్ళను మీరు చూసి ఉంటారు. ఒకసారి గోకి, బాగుందని ఇంకో కొరివి అడిగినదాన్ని నేనే.

తిరుగు ప్రయాణంలో ఎల్సా కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ కూర్చుంది. చంద్రగిరి దగ్గర కోట కనిపిస్తే చరిత్ర చెప్పబోయాను. చేత్తో వద్దని సైగ చేసింది. తిరుపతిలో దిగేటప్పుడు నా చేయి పట్టుకుని ఇలా చెప్పింది. "నువ్వు చెడ్డదానివి కాదని నాకు తెలుస్తోంది. కానీ వస్తువు చూపించి ఆడవాళ్ళ ఒంటి మీద నిర్ణయాలు కొన్న చోట్లు నేను చాలా చూశాను. ఆ నియమం అందుకే పుట్టింది. నేను విన్నది రాయక తప్పదు." ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఆమె తప్పు లేదు.

భాస్కర్ సార్‌కు సంగతి సిస్టర్ చెప్పింది. ఆయన తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, "గుడ్డలు తక్కువైనాయని చెప్పలేకపోయినావామ్మా?" అన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరెన్ని తిట్లు తిట్టినా ఆ ప్రశ్న అంత మంట పుట్టించలేదు.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. విచారణ తేలేదాకా నిధులు నిలిపేశారు, వివరణ రాయమన్నారు. సార్ రెండు వాక్యాలు చాలన్నారు. నేను పదకొండు పేజీలు రాశాను. తాంబూలం ఎంత పవిత్రమైనదో, అది సౌభాగ్యానికీ సంతానానికీ ఎలా దీవెనో అన్నీ వివరించాను. పిల్లలు వద్దని వచ్చినవాళ్ళకు సంతాన దీవెన ఎందుకిచ్చారని వాళ్ళు మళ్ళీ అడిగారు.

వ్యాను ఆగింది. ఇప్పటిదాకా మీరు నవ్వి ఉంటే సంతోషం. ఇక్కడి నుంచి నాకు నవ్వు రాదు.

ఆగిన మొదటి వారమే కాంతమ్మ సిస్టర్ నాకు ఒక పని చెప్పింది. "సూది వేసుకునేవాళ్ళందరికీ ఫోన్లు చెయ్యి పాపా. వ్యాను రాదు, చిత్తూరు పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పు. యాడ అడగాల్నో, ఎవుర్ని అడగాల్నో నేను రాసిస్తా." రాసిచ్చింది కూడా. సిస్టర్ తనకు ఎదురైన వాళ్ళకూ, తన దగ్గర నంబర్లున్న వాళ్ళకూ చెప్పుకుంది. తర్వాత ఆమె వేరే నర్సింగ్ హోములో చేరిపోయింది. నాకు అప్పజెప్పిన వాళ్ళలో రమణమ్మ ఒకతె. ఇంట్లో తెలియకూడదని తన నంబరు నాకొక్కదానికే ఇచ్చింది.

నేను చేయలేదు. ఎందుకంటే, వ్యాను రాదు అని చెబితే ఎందుకు రాదు అని అడుగుతారు. ఎందుకు రాదో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. పైగా నా పదకొండు పేజీల మీద నాకు గొప్ప నమ్మకం. రేపో మాపో నిధులు వస్తాయి, ఈలోగా జనాన్ని చెదరగొడితే మళ్ళీ ఎవరు వస్తారు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

సూది గడువు వచ్చిన గురువారం రమణమ్మే ఫోన్ చేసింది.

"పాపా, షెడ్డు కాడుండా. వ్యాను రాలేదే."

"రిపేరు అక్కా. వచ్చే గురువారం వస్తుంది."

"అట్లనే. మళ్ళొస్తాలే."

వచ్చే గురువారం మళ్ళీ చేసింది. "ఈ వారం గూడా లేదా పాపా?"

"వచ్చే గురువారం తప్పకుండా అక్కా."

"తొందరేం లేదులే. ఆలస్యమైతే ఏమన్నా అవుతాదా అని అడగతా ఉండా."

"ఏం కాదక్కా" అన్నాను. నేను డాక్టర్ని కాను, నర్సును కాను. నాకు వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే. అయినా ఏం కాదని చెప్పాను.

నాలుగు గురువారాలు ఆమె పాల క్యానుతో ఆ షెడ్డు దగ్గర నిలబడింది. నాలుగుసార్లూ నేను వచ్చే గురువారం అన్నాను. ఐదో గురువారం ఆమె పేరు ఫోన్ మీద వెలుగుతుంటే తీయలేదు. ఆ తర్వాత ఆమె చేయలేదు.

చాలా నెలలకు విచారణ తేలింది. దురుద్దేశం ఏదీ లేదని, సాంస్కృతిక అపార్థమని రాశారు. నేను ఎగిరి గంతేశాను. ఉత్తరం రెండో పేజీ తిప్పాక కింద పడ్డాను. ఈలోగా ఆ దేశంలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారిందట. కొత్తవాళ్ళు ఇటువంటి పనులకు బయటి దేశాలకు డబ్బు ఇవ్వదలుచుకోలేదట. ముందే సంతకాలు పడినచోట మాత్రం రెండేళ్ళూ నడిపిస్తారట. మాకు సంతకం పడలేదు. ఆ మంచు దేశంలో ఎవరో ఎవరికో ఓటేస్తే పూతలపట్టు దగ్గర రమణమ్మకు సూది ఆగిపోతుందని మాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. కానీ ఓటు మీద నెట్టేసి నేను తప్పించుకోలేను. నేను ఆ మూట విప్పకుండా ఉంటే ఆ సంతకం ముందే పడి ఉండేది.

ఆ వారంలోనే సిస్టర్ ఫోన్ చేసింది. "రమణమ్మ తిరపతి కాన్పుల ఆసుపత్రిలో ఉండాది. పోయి సూడు" అని పెట్టేసింది.

సూది వేసుకునేవాళ్ళకు నెలనెలా రావడం ఆగిపోవడం మామూలే. ఆ మందు ప్రభావం ఎప్పుడు దిగిపోయిందో, ఎప్పుడు కడుపు నిలిచిందో రమణమ్మకు తెలియలేదు. సూది వల్లే రాలేదనుకుంది. ఏం కాదని నేను చెప్పాను కదా. తెలిసేటప్పటికి ఐదో నెల. ఏడో నెలలో పాలు పిండుతూ కూర్చున్నచోటే రక్తం పోయింది. తిరుపతి చేరేటప్పటికి బిడ్డ లేదు. ఆమెను బతికించడానికి గర్భసంచి తీసేశారు. అత్త అడిగిన మనవడేనట, పుట్టి ఉంటే.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. అడుసు తొక్కింది నేను. కాలు కడుక్కున్నది రమణమ్మ, అదీ తన రక్తంతో.

ఒట్టి చేతులతో వెళ్ళలేక కిలో బత్తాయిలు కొనుక్కుని వెళ్ళాను. వార్డులో కిటికీ పక్క మంచం. మనిషి పాలిపోయి దుప్పటి రంగులో ఉంది. ఆమె తల దగ్గర నిలబడి, దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

"కూచో పాపా" అంది.

"అక్కా, రిపేరు కాదక్కా. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. రవికగుడ్డలు తక్కువైన దగ్గరి నుంచి ఫోన్ తీయని గురువారం దాకా అంతా చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. పక్క మంచం ఆమె కూడా మా వైపు తిరిగింది.

"రాదని ఒక్క మాట చెప్పింటే చిత్తూరు పోయిందును గదా" అంది చివరికి. కోపంగా అనలేదు. లెక్క తప్పిన పాల క్యాను గురించి చెప్పినట్టు అంది.

నేను సంచి ముడి బిగించాను.

ఆమె నా చేతిలోని సంచి వైపు చూసింది. "ఏంది అది?"

"బత్తాయిలక్కా."

"అయ్యో, దాచి పెట్టు పాపా. యాడన్నా దొరసాని సూసిందంటే, గర్భసంచి తీపిచ్చుకున్నందుకు ఇచ్చినావని రాసుకుంటాది."

అని నవ్వింది. కుట్లు లాగాయేమో, కడుపు పట్టుకుని నవ్వింది. పక్క మంచం ఆమెకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వింది. మొదట్లో చెప్పానే, ఆ మనిషి ఈమే. నేను నవ్వలేదు. నవ్వి ఉండాల్సిందేమో.

లేచి వస్తుంటే ఆగమంది. సంచిలోంచి ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టింది. "ఉత్త చేతుల్తో పోగూడదు" అంది.

కాబట్టి, పాఠకులారా, మీ అందరి సాక్షిగా, చేతిలో అగ్గి పట్టుకున్నంత శ్రద్ధగా నేను చేసిన ప్రతిజ్ఞ వినండి. ఈ జన్మలో ఇంక ఏ దొరసాని ముందూ మూట విప్పను. పదకొండు పేజీలు రాయను. తక్కువైతే తక్కువైందని వీధి వినేలా చెబుతాను, తరతరాలూ మా ఇంటిని గుడ్డలు చాలని ఇల్లు అని పిలిచినా సరే. ముఖ్యంగా, తెలియని సంగతికి 'ఏం కాదు' అనను. ఎవరైనా ఎప్పుడు వస్తావని అడిగితే వారంలో ఆరు రోజుల పేర్లూ చెబుతాను గానీ, వచ్చే గురువారం అన్న మాట మాత్రం నా నోట రాదు. ఎందుకంటే, ఆ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకామె పాల క్యాను పట్టుకుని నిజంగానే వచ్చి నిలబడుతుంది.